తడి కాలి ముద్ర చూసి భయపడుతున్నారా? చదును పాదాల మీద మీ ప్రశ్నలు, ఫిజియో జవాబులు

పోయిన నెల మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తూ మాటల్లో మాటగా ఒక్క లైను రాశాను, అరికాలి వంపు బాగా కుంగిపోతే మోకాలు కూడా లోపలికి తిరుగుతుంది, పాదంలో కండరాలకి కూడా ఎక్సర్‌సైజులు ఉంటాయి అని. ఆ ఒక్క లైనుకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదండీ. మాది చదును పాదమేనా, అంటే అరికాలి వంపు లేని ఫ్లాట్ ఫుటేనా చెప్పమని సగం మంది బాత్రూంలోంచి తడి కాళ్ళతో వచ్చి గచ్చు మీద అచ్చు వేసి ఫోటో తీసి మరీ పంపారు. ఫోటో చూసి జవాబు చెప్పమంటే నేను చెప్పలేను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి ఐదు ఉత్తరాలు తీసుకున్నా.

ప్రశ్న: మేడం నమస్తే. నాకు 22 ఏళ్ళు, మాది సూర్యాపేట దగ్గర పల్లె. కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నా, ఆర్మీ ర్యాలీకి కూడా పోదామని ఉంది. పొద్దున్నే గ్రౌండ్‌లో 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తుంటే మా కోచ్ అన్న నా కాళ్ళు చూసి నీది ఫ్లాట్ ఫుట్ రా, మెడికల్‌లో తీసేస్తరు అన్నడు. అప్పటిసంది నిద్ర పడ్తలేదు. రెండో రౌండ్‌కే ముంగాలు ఎముక లోపలి వైపు కింద నొప్పి లేస్తది. యూట్యూబ్‌లో 30 రోజుల్లో వంపు తెప్పిస్తాం అని వీడియోలు ఉన్నయ్, టవల్‌ని కాలివేళ్ళతో లాగమంటున్నరు. అది చేస్తే సరిపోతదా?

జవాబు: తమ్ముడూ, ముందు నువ్వు నిద్రపో, ఎందుకంటే నిద్ర లేకుండా పరిగెత్తితే ఆ ముంగాలు నొప్పి ఇంకా ముదురుతుంది. తర్వాత ఒక పని చెయ్. చెప్పులు విప్పి గోడ దగ్గర నిలబడి, వెనకాల నుంచి ఎవరితోనైనా ఫోన్‌లో వీడియో తీయించుకుని మెల్లగా మునివేళ్ళ మీద లే. లేచినప్పుడు అరికాలి కింద వంపు కనబడి, మడమలు రెండూ కాస్త లోపలికి తిరిగాయనుకో, నీది మెత్తటి చదును పాదం, ఫ్లెక్సిబుల్ అంటాం. ఎంత లేచినా అట్లకాడలాగే ఉంటే అది బిగుసుకుపోయిన రకం, రిజిడ్. లోకంలో చదును పాదాలున్నవాళ్ళలో ఎక్కువమందివి మొదటి రకమే.

ఈ తేడా ఎందుకు పట్టి పట్టి చెప్తున్నానంటే నీ మెడికల్ కూడా దీని మీదే ఉంది. సైన్యం వైద్య ప్రమాణాల్లో చదును పాదం పేరు చూడగానే కొట్టేయమని లేదు. మునివేళ్ళ మీద నిలబడితే వంపు తిరిగి రావాలి, మునివేళ్ళ మీద గెంతగలగాలి, బాగా పరిగెత్తగలగాలి, పాదం సులువుగా కదలాలి, నొప్పి ఉండకూడదు, ఇవన్నీ ఉంటే తీసుకోవచ్చనే ఉంది. బిగుసుకున్న రకాన్నే వద్దంటారు. పోలీసు నోటిఫికేషన్‌లో మాత్రం నాక్ నీస్ (నిలబడితే మోకాళ్ళు రెండూ తగలడం), ఫ్లాట్ ఫీట్ అని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటారు కాబట్టి అక్కడ పరీక్ష చేసే డాక్టర్ మాటే ఫైనల్. అందుకే ఈవెంట్స్, అదే పరుగు పరీక్షల దాకా ఆగకుండా ఇప్పుడే జిల్లా ఆస్పత్రిలో ఆర్థో డాక్టర్‌కి చూపించుకుని నీది ఏ రకమో తేల్చుకో. కోచ్ అన్న మంచి కోసమే చెప్పుంటాడు కానీ నిలబడ్డ పాదం చూసి తీర్పు చెప్పేస్తే ఎట్లా? రెండో ప్రపంచ యుద్ధం కాలంలో కెనడా సైన్యంలో 3600 మందికి పైగా సైనికుల పాదాలు పరీక్షించి 1947లో హారిస్, బీత్ అనే ఇద్దరు డాక్టర్లు రిపోర్ట్ రాశారు, మెత్తటి చదును పాదం దానంతట అది సైనికుడిని పనికిరాకుండా చెయ్యదని. దాదాపు ఎనభై ఏళ్ళ కిందటి మాట, మన గ్రౌండ్ల దాకా ఇంకా రాలేదు.

ఇప్పుడు ఎక్సర్‌సైజుల సంగతి. పాదంలో 26 ఎముకలుంటాయి, అవి విల్లులా వంగి నిలబడటానికి కింద ఒక అల్లెతాడు కావాలి కదా, మడమ నుంచి వేళ్ళ దాకా పోయే గట్టి పట్టీ అదే, ప్లాంటార్ ఫేషియా. నువ్వు అడుగు వేసి మడమ లేపినప్పుడు బొటనవేలు పైకి వంగుతుంది, అప్పుడు ఆ పట్టీ వేలి మొదలుకి చుట్టుకుని బిగుస్తుంది, బావి గిలక మీద చేదతాడు చుట్టుకుని బిగుసుకున్నట్టు, దాంతో వంపు పైకి లేస్తుంది. 1954లో హిక్స్ అనే ఆయన రాసిన సంగతి ఇది. కావాలంటే ఇప్పుడే చూడు, నిలబడి చేత్తో నీ బొటనవేలిని పైకెత్తు, వంపు దానంతటదే లేస్తుంది. ఇంక ఈ తాడుకి సాయంగా రెండు జట్లు పనిచేస్తాయి. ఒక జట్టు పాదంలోనే పుట్టి పాదంలోనే ముగిసే చిన్న కండరాలు. రెండో జట్టు పైనుంచి దిగేవి, వాటిలో పెద్ద దిక్కు టిబియాలిస్ పోస్టీరియర్, పిక్క లోతుల్లోంచి బయల్దేరి లోపలి చీలమండ వెనకగా దిగి అరికాలి లోపలి ఎముకని పట్టుకుని పైకి లాగుతుంది. జనాలు మొదటి జట్టు ఒక్కదానికే ఎక్సర్‌సైజ్ చేసి రాలేదు రాలేదంటారు. రెండూ కావాలి.

చిన్న కండరాలకి షార్ట్ ఫుట్ అనే ఎక్సర్‌సైజ్ చెయ్. చెక్ దేశపు డాక్టర్ వ్లాదిమిర్ యాండా వాళ్ళు వాడుకలోకి తెచ్చారు, చూడ్డానికి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది కానీ చేస్తే తెలుస్తుంది. కుర్చీలో కూర్చుని పాదం నేలకి ఆనించు. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే చోటుని మడమ వైపు లాగుతున్నట్టు చెయ్, పాదం పొట్టి అవ్వాలి, మధ్యలో వంపు లేవాలి, కానీ వేళ్ళు మాత్రం ముడుచుకోకూడదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, వేళ్ళు కొక్కెంలా బిగించేస్తారు, అప్పుడు పనిచేసేది పైనుంచి వచ్చే వేళ్ళ కండరాలు, మనకి కావాల్సినవి కాదు. సరిగ్గా చేస్తున్నావో లేదో తెలియాలంటే చీలమండ కింద అరికాలి లోపలి అంచు మీద వేలు పెట్టి చూస్కో, అక్కడ చిన్న కండ గట్టిపడితే కరెక్ట్. 5 సెకన్లు పట్టి ఉంచి వదిలెయ్, అట్లా 10 సార్లు, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి. మొదటి వారం తిమ్మిరి పట్టి కాలు లాగేస్తుంది, భయపడకు, లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చో. రెండు మూడు వారాలకి నిలబడి చెయ్యి, తర్వాత ఒంటికాలి మీద. టవల్ లాగడం తప్పేం కాదు కానీ అది ఎక్కువగా వేళ్ళు ముడిచే పని, దాని ఒక్కదాని మీద ఆధారపడకు. వేళ్ళకి కావాలంటే ఇది చెయ్, బొటనవేలు ఒక్కటే పైకెత్తి మిగతా నాలుగూ నేలకి ఆనించు, తర్వాత బొటనవేలు నేలకి ఆనించి నాలుగూ ఎత్తు. మొదటి రోజు వేళ్ళు నీ మాట వినవు, మనవి కాదేమో అనిపిస్తుంది, నవ్వొస్తుంది కూడా. పది రోజుల్లో వింటాయి.

అసలు పని పిక్కల దగ్గర ఉంది. గోడ పట్టుకుని నిలబడి రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి పెట్టి నొక్కుతూ మునివేళ్ళ మీదకి లే, బంతి నొక్కితేనే ఆ టిబియాలిస్ పోస్టీరియర్ గట్టిగా పనిలోకి దిగుతుంది. 3 సెకన్లు లేవడానికి, పైన 2 సెకన్లు, 3 సెకన్లు దిగడానికి, దిగేటప్పుడు దబ్బున పడకుండా. పైన ఉన్నప్పుడు బరువు చిటికెన వేలి వైపు ఒరిగిపోకుండా బొటనవేలి మీద ఉండాలి. 12 సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. అది తేలికైపోయాక ఒంటి కాలి మీద, అదీ తేలికైతే వీపు మీద పుస్తకాల బ్యాగు వేసుకుని. ఒంటి కాలి మీద ఆగకుండా 20 దాకా పోగలిగితే నీ కాలు పరుగుకి రెడీ అవుతోందని నేను అనుకుంటా. చాలామంది కుర్రాళ్ళు 1600 మీటర్లు పరిగెత్తుతారు గానీ ఒంటి కాలి మీద 8 సార్లు లేవమంటే లేవలేరు, నా టేబుల్ ముందు రోజూ చూస్తా.

పిక్క బిగుసుకుని ఉంటే అది కూడా వదిలించుకోవాలి. చీలమండ సరిగ్గా వంగకపోతే ఆ వంగాల్సిన పనిని పాదం మధ్యలో ఎముకలు చేస్తాయి, అంటే ప్రతి అడుగుకీ వంపు కూలుతుంది. గోడకి చేతులానించి కాలు వెనక్కి పెట్టి, మోకాలు తిన్నగా, మడమ నేల మీద, పాదం తిన్నగా ముందుకి చూసేట్టు పెట్టి 30 సెకన్లు, మూడేసి సార్లు. పాదం బయటికి తిప్పి చేస్తే సాగేది పిక్క కాదు అరికాలు.

ఇక ఆ ముంగాలు నొప్పి. అది వంపు వల్లే అని తేల్చేయకు, ఎక్కువసార్లు అది ఒక్కసారిగా రౌండ్లు పెంచినందువల్ల వస్తుంది, నోటిఫికేషన్ పడిందనగానే రోజుకి రెండు పూటలా గట్టి నేల మీద పరిగెత్తేస్తారు. నొప్పి ఎముక వెంబడి పొడుగ్గా పరుచుకుని ఉంటే రెండు మూడు వారాలు పరుగు సగానికి తగ్గించి చూడు. వేలు పెట్టి చూపించగలిగినంత ఒక్క చోటే ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నటి చీలిక అయ్యుండొచ్చు, ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మొదట్లో తీసిన ఎక్స్‌రేలో ఆ చీలిక కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్ళీ గ్రౌండ్‌కి పోకు.

30 రోజుల వీడియోల సంగతి అడిగావు. కండరానికి బలం రావడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు, పరుగులో తేడా తెలియడానికి మూడు నెలలు. బ్రెజిల్‌లో సావోపాలో పరిశోధకులు 118 మంది రన్నర్లని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకి ఎనిమిది వారాలు పాదం ఎక్సర్‌సైజులు నేర్పించి ఏడాది పాటు చూశారు, 2020లో వచ్చింది ఆ పేపర్. ఎక్సర్‌సైజులు చెయ్యని జట్టులో పరుగు వల్ల గాయాలయ్యే అవకాశం 2.42 రెట్లు ఎక్కువ. వాళ్ళని చదును పాదాలని ఏరి తీసుకోలేదు, మామూలు రన్నర్లే, అది గుర్తు పెట్టుకో. అయినా నాకు ఇందులో నచ్చింది ఏంటంటే వాళ్ళు కొలిచింది వంపు ఎంత లేచింది అని కాదు, కాలు ఎంత కాలం నిలబడింది అని.

ప్రశ్న: మేడం, మా బాబుకి నాలుగేళ్ళు. హైదరాబాద్‌లో ఉంటాం. మాల్‌లో ఒక చెప్పుల షాపులో కాళ్ళు మెషిన్ మీద పెట్టి స్కాన్ చేసి ఫ్లాట్ ఫుట్ అని, ఇప్పుడే బూటు లోపల స్పెషల్ ఇన్సోల్ (వంపు కింద ఆనే మెత్త) వేయకపోతే పెద్దయ్యాక వెన్ను వంకర పోతుందని భయపెట్టారు, తొమ్మిది వేలు అన్నారు. మా అత్తయ్య గారేమో చదును పాదం అరిష్టం అని ఒకటే గొడవ. ఏం చెయ్యను?

జవాబు: తొమ్మిది వేలు పర్సులోనే ఉంచుకోమ్మా. కృష్ణాష్టమికి మన ఇళ్ళల్లో పిండితో చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తాం కదా, పిడికిలి అంచు అద్ది పైన ఐదు చుక్కలు పెడితే ఎంత చక్కటి వంపు వస్తుందో. అది పిడికిలి వంపమ్మా. నిజంగా ఆ వయసు పిల్లాడు వెన్న దొంగిలించి పరిగెత్తితే పడే ముద్ర మీ బాబు ముద్రలాగే అప్పడంలా ఉంటుంది. పిల్లలు పుట్టడమే చదును పాదాలతో పుడతారు, అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటుంది, కీళ్ళు వదులుగా ఉంటాయి. వంపు మెల్లగా వస్తుంది, ఆరేళ్ళకి కొందరికి, పదేళ్ళకి కొందరికి. నాలుగేళ్ళ పిల్లాడికి స్కాన్ చేసి ఫ్లాట్ ఫుట్ అనడం అంటే ఆర్నెల్ల పాపకి స్కాన్ చేసి నడక రాలేదు అని రిపోర్ట్ ఇచ్చినట్టు.

ఇన్సోల్ వేస్తే వంపు వస్తుందా అని కూడా చూసేశారు. అమెరికాలో వెంగర్ అనే డాక్టర్ బృందం ఫ్లెక్సిబుల్ చదును పాదాలున్న చిన్న పిల్లలకి మూడేళ్ళ పాటు కొందరికి స్పెషల్ బూట్లు, కొందరికి ఇన్సర్ట్‌లు, కొందరికి ఏమీ లేకుండా చూసి 1989లో రాశారు, అందరికీ వంపు ఒకేలా మెరుగైంది. ఏమీ వేయని వాళ్ళకి కూడా. అంటే క్రెడిట్ వయసుది, బూట్లది కాదు.

ఇంకొకటి మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. మణిపాల్ కస్తూర్బా మెడికల్ కాలేజీలో రావు, జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదముద్రలు తీశారు, 1992లో వచ్చింది. చెప్పులు బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు, ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 శాతం. అందులోనూ వేళ్ళు మూసేసే బూట్లు వేసుకునేవాళ్ళలో ఎక్కువ, చెప్పులు, శాండల్స్ వాళ్ళలో తక్కువ. దీన్ని పట్టుకుని స్కూలుకి ఉత్త కాళ్ళతో పంపమని నేను అనట్లేదు, మన రోడ్ల మీద గాజుపెంకులు నాకు తెలుసు. ఇంట్లో మాత్రం విప్పేయండి. పార్కులో ఇసుక ఉంటే వదిలేయండి, మెట్లెక్కనివ్వండి. వీలైతే తొక్కుడుబిళ్ళ నేర్పించండి, ఒంటి కాలి మీద గెంతి బిళ్ళని తోసే ఆటకన్నా మంచి పాదం ఎక్సర్‌సైజ్ నేను కనిపెట్టలేను. చింతగింజలు కాలివేళ్ళతో తీసి గిన్నెలో వేసే పోటీ పెట్టండి, మా అమ్మాయితో నేను అలాగే ఆడేదాన్ని, ప్రతిసారీ అదే గెలిచేది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం గింజలొద్దు. స్కూలు బూట్లు మాత్రం వచ్చే ఏడాదికీ సరిపోతాయని రెండు సైజులు పెద్దవీ వద్దు, పోయినేడాదివి బిగించీ వద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలంటే, కాలు నొప్పని ఆట మానేసి ఎత్తుకోమంటుంటే, ఒక కాలు ఒకలా ఇంకో కాలు ఇంకోలా ఉంటే, మునివేళ్ళ మీద లేచినా వంపు రాకపోతే, మాటిమాటికీ పడిపోతుంటే. పదేళ్ళు దాటిన పిల్లలకి పాదం బిగుసుకుపోయి నొప్పి వస్తుంటే లోపల రెండు ఎముకలు అతుక్కుని ఉండొచ్చు, అది తప్పకుండా చూపించాలి. ఇవేవీ లేకపోతే ఇంటికి పోయి ఆడుకోమనండి. అత్తయ్యగారికి చెప్పండి, ఆవిడ కొడుకు చిన్నప్పటి పాదాలు కూడా ఇలాగే ఉండేవని, అప్పుడు స్కానర్ లేదు కాబట్టి ఎవరూ చూళ్ళేదని.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారములు. నా వయసు 54, రాజమండ్రిలో హైస్కూలు టీచర్ని. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, కాస్త బరువు కూడా. ఎనిమిది నెలల నుంచి కుడి పాదం మాత్రమే చదునుగా అయిపోతోంది. లోపలి చీలమండ వెనక వాపు, మెట్లు ఎక్కలేకపోతున్నాను. వెనక నుంచి చూస్తే ఆ కాలి వేళ్ళు ఎక్కువ కనపడుతున్నాయని మా అమ్మాయి అంటోంది. పాదం ఎక్సర్‌సైజులు చెప్పండి.

జవాబు: టీచర్ గారూ, నేను డాక్టర్ని కాదండీ, ఫిజియోని. మీకు మాత్రం ఇవాళ ఎక్సర్‌సైజ్ చెప్పను. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి. మీ అమ్మాయి గమనించింది చాలా మంచి గుర్తు, మేం పాఠంలో చదువుకున్నదే అది.

పుట్టినప్పట్నుంచీ ఉన్న చదును పాదం వేరు, నడి వయసులో ఒక్క కాలికే కొత్తగా వచ్చింది వేరు. పై ఉత్తరంలో చెప్పిన టిబియాలిస్ పోస్టీరియర్ నరం, మన వాడుకలో నరం అంటాం గానీ అది స్నాయువు, టెండన్ అన్నమాట, అరిగి సాగిపోతే ఇలా అవుతుంది. నలభై దాటిన ఆడవాళ్ళలో, బరువు ఎక్కువున్నవాళ్ళలో, షుగర్, బీపీ ఉన్నవాళ్ళలో ఎక్కువ చూస్తాం. ఆ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మునివేళ్ళ మీదకి లేవడానికి ప్రయత్నిస్తే లేవలేకపోవడం దీని గుర్తు, మీరు మాత్రం ప్రయత్నించకండి, డాక్టర్ ముందు చెయ్యండి. తొందరగా పట్టుకుంటే కొన్నాళ్ళు బ్రేస్ లేదా ఇన్సోల్ వేసి ఆ టెండన్‌కి విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత మెల్లగా ఎక్సర్‌సైజులతో బలం తెస్తారు. ఇందాక ఇన్సోల్ మీద అన్ని మాటలన్నాను కదా, ఇక్కడ మాత్రం అది మందులాంటిది. నాలుగేళ్ళ పిల్లాడికి అక్కర్లేనిది మీకు అవసరం. ఆలస్యం చేస్తే పాదం బిగుసుకుపోతుంది, అప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది.

షుగర్ ఉంది కాబట్టి ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. పాదం వాచి, ముట్టుకుంటే ఇంకో కాలికన్నా వెచ్చగా ఉండి, కానీ నొప్పి పెద్దగా లేదంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలు లోపల్లోపల విరిగి కూలిపోతుంటాయి, షార్కో ఫుట్ అంటారు, నొప్పి లేదు కదా అని నడిచేస్తే వంపు మొత్తం పోతుంది. డాక్టర్‌కి చూపించుకునేదాకా ఉత్త కాళ్ళతో ఇంట్లో కూడా నడవొద్దు. క్లాసులో కుర్చీ వేసుకుని కూర్చుని పాఠం చెప్పండి, పిల్లలేం అనుకోరు.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఫ్లాట్ ఫీట్ ఉన్నాయి, పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మడమలో పొడిచినట్టు నొప్పి. ఆక్యుప్రెషర్ చెప్పులు మంచివా, బేర్‌ఫుట్ షూస్ మంచివా? రెండూ కార్ట్‌లో ఉన్నాయి.

జవాబు: రెండూ కార్ట్‌లోనే ఉండనివ్వండి ప్రస్తుతానికి. ఆ ముళ్ళ చెప్పులు కండరాన్ని బలపరచవు, మీ మడమకి ఇంకాస్త మంట పెడతాయి అంతే. బేర్‌ఫుట్ షూస్, అంటే ఉత్త కాళ్ళతో నడిచినట్టుండే పల్చటి అడుగు బూట్లు, చెడ్డవి కావు, కానీ పదేళ్ళు మెత్తటి షూస్‌లో నిద్రపోయిన పాదాన్ని ఒక్కరోజులో లేపి పరిగెత్తమంటే అది ఎముక విరిచి మరీ నిరసన తెలుపుతుంది, నొప్పి తగ్గాక రోజుకి పది నిమిషాల నడకతో మొదలుపెట్టొచ్చు. మీ మడమ నొప్పికి డెన్మార్క్ వాళ్ళు పరీక్షించి 2014లో రాసిన పద్ధతి ఉంది. మెట్టు అంచు మీద నిలబడి, వేళ్ళ కింద టవల్ చుట్ట పెట్టి బొటనవేలు పైకి వంగి ఉండేట్టు చూసుకుని, ఒంటి కాలి మీద మడమ ఎత్తి దించడం. లేవడానికి 3 సెకన్లు, పైన 2, దిగడానికి 3, మొదట 12 సార్లతో, రోజు విడిచి రోజు. మూడు నెలలకి ఇది చేసినవాళ్ళు ఉత్త స్ట్రెచింగ్ చేసినవాళ్ళకన్నా బాగా ఉన్నారు, ఏడాది తిరిగేసరికి మాత్రం ఇద్దరూ సమానమే. మీరు తొందరలో ఉన్నారు కాబట్టి మీకు ఇదే నప్పుతుంది. మంచం దిగగానే చల్లటి గ్రానైట్ మీద ఉత్త కాళ్ళతో అడుగు పెట్టకండి, పక్కనే మెత్తటి చెప్పులు పెట్టుకోండి.

ప్రశ్న: మేడం గారు, నేను గుంటూరులో చీరల షాపులో సేల్స్ గర్ల్‌ని, వయసు 27. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటాం, కూర్చోనివ్వరు. అరికాళ్ళు, మోకాళ్ళు మంటలు పుట్టేవి. మా ఊళ్ళో ఫిజియో మేడం దగ్గర మీరు చెప్పేలాంటి ఎక్సర్‌సైజులే నేర్చుకుని నాలుగు నెలలు చేశా, ఒక్కరోజు కూడా మానలేదు. నిన్న తడి కాళ్ళతో నడిచి చూసుకుంటే ముద్ర అలాగే ఉంది, ఏమాత్రం వంపు రాలేదు. ఇంత చేసింది వేస్టేనా? మానేయమంటారా?

జవాబు: ఇదిగో, ముద్రల ఫోటోలు చూడనని మొదట్లో ఎందుకన్నానో మీ ఉత్తరమే చెప్తోంది. పెద్దయ్యాక ఎముకల అమరిక కుదురుకుపోతుందమ్మా, ఎముకల్ని కట్టి ఉంచే పట్టీలు, లిగమెంట్లు, సాగి ఉన్నంత మేర సాగే ఉంటాయి, కండరం వాటిని మళ్ళీ మొదటికి తీసుకురాదు. కొలిచి చూస్తే నిలబడ్డప్పుడు వంపు కుంగడం కొందరికి కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది, అది గచ్చు మీద నీళ్ళకి తెలీదు. పైగా ముద్ర అంటే ఎముకే కాదు, కింద కొవ్వు కూడా, ఒళ్ళు చేసిన వాళ్ళ ముద్ర వంపు ఉన్నా నిండుగానే పడుతుంది. మీ ఉత్తరంలో మీరు ఒక మాట రాసి వదిలేశారు, మంటలు పుట్టేవి అని. పుడుతున్నాయి అని కాదు. నాకు ఆ ఒక్క అక్షరం చాలు.

ఈ కాలమ్‌కి రాసే ముందే మీకు ఫోన్ చేయించి రెండు ప్రశ్నలు అడిగించాను గుర్తుందా, మొదట్లో ఒంటి కాలి మీద ఎన్నిసార్లు లేచేవారు, ఇప్పుడెన్ని అని. మొదట్లో కుడి 5, ఎడమ 4 అన్నారట. ఇప్పుడు 19, 17. షాపు మూసే టైముకి చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని బస్టాండ్‌కి నడిచేదాన్ని, ఇప్పుడు వేసుకునే నడుస్తున్నా అని కూడా చెప్పారట. ఇంక వేస్ట్ అంటారేంటమ్మా.

మానేయొద్దు కానీ రోజూ కూడా అక్కర్లేదు, వారానికి మూడు రోజులు చాలు, ఎడమ కాలికి రెండు ఎక్కువ వేయండి, అది వెనకబడి ఉంది. షార్ట్ ఫుట్‌కి వేరే టైం పెట్టుకోకండి, కస్టమర్‌కి చీర మడత విప్పి చూపించేటప్పుడు కౌంటర్ వెనక చేసేయండి, ఎవరికీ కనపడదు. అడుగున రేకులా పల్చగా ఉండే ఆ చెప్పులు మార్చి, మడమ దగ్గర కాస్త ఎత్తుగా గట్టిగా ఉండి వెనక బెల్ట్ ఉండేవి కొనుక్కోండి, ముద్ర కోసం కాదు, పదకొండు గంటల కోసం. కూర్చోనివ్వరన్నారు కదా, నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు ఉండాలని తమిళనాడు, కేరళల్లో షాపుల చట్టంలోనే రాశారు, మీ ఓనర్ గారికి ఈ పేజీ కనపడేట్టు కౌంటర్ మీద పెట్టి వెళ్ళండి.